నాయన పోయి ఐదు నెలలైనా అమ్మ కోలుకోలేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది గుంతకల్లు. మా నాయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు, ఐదు నెలల కింద గుండెపోటుతో పోయాడు. అమ్మకు 61 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి. సరిగా తినదు, తెల్లారుజామున లేచి కూచుంటుంది, నాయన దగ్గు వినబడింది అంటుంది. గుర్తు రాకూడదని ఆయన ఫోటో, ఫోను, చెప్పులు దాచేశాం. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చి రెండు నెలలుగా ఇస్తున్నాం. అమ్మకు మెంటల్‌గా ఏమన్నా అయిందా డాక్టర్ గారూ?

జవాబు: దగ్గు వినబడిందంటే భయపడకండి. ఏళ్ల తరబడి కలిసి బతికిన మనిషి పోయాక గొంతు వినబడటం, పక్కన ఉన్నట్టు అనిపించడం చాలామందిలో చూస్తాం, అది పిచ్చి కాదు. ఆయన చనిపోయాడని ఆమెకు తెలిసి, ఇంకే తేడా లేకపోతే దానికి మందు అక్కర్లేదు.

నాకు బాధనిపించింది ఆ ఫోటో దాచిన సంగతే. మంచికే చేశారు, కాదనను, కానీ గోడ మీద ఫోటో లేకపోతే మొగుణ్ణి మర్చిపోతుందా? పైగా ఇంట్లో ఎవరూ ఆయన పేరెత్తకపోయేసరికి ఆమె ఆ దుఃఖం ఒక్కతే మోయాల్సి వస్తుంది. పెద్దకర్మ దాకా ఇల్లంతా జనం, తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు, వచ్చిన చుట్టాలేమో "ఊరుకో, ఏడవద్దు, పిల్లల్ని చూసుకో" అంటారు. ఏడవనీయండి. ఫోటో మళ్లీ పెట్టండి, రాత్రి భోజనాల దగ్గర మీరే నాయన కబురు ఎత్తండి, ఆయన డ్యూటీ కథలో, ఆయన కోపమో ఏదో ఒకటి. చెప్పులు, బట్టలు ఏం చేయాలో ఆమెనే అడగండి.

ఇక ఒంటి సంగతి, ఇది అర్జెంటు. సరిగా తినకుండా షుగరు మాత్ర వేసుకుంటే కొన్ని రకాల మందులతో షుగరు బాగా పడిపోతుంది, చెమటలు, వణుకు, తికమక వస్తాయి, దాన్ని దిగులే అనుకుని వదిలేస్తారు. భర్త పోయిన తొలి నెలల్లో గుండె జబ్బుల రిస్కు కూడా పెరుగుతుంది. ఈ వారంలోనే షుగరు, బీపీ చూపించండి, ఒక ఈసీజీ తీయించండి. ప్లేటు నిండా అన్నం పెట్టి బలవంతం చేసే బదులు కొంచెం సంగటి, పప్పు, మజ్జిగ అట్లా కొద్దికొద్దిగా ఎక్కువసార్లు, పక్కన ఎవరైనా కూర్చుని పెట్టండి.

నిద్రమాత్ర మీ అంతట మీరు ఇచ్చి ఉండాల్సింది కాదు. ఈ వయసులో తూలి పడిపోతారు, అలవాటు కూడా పడుతుంది. అట్లని రేపట్నుంచే టక్కున ఆపొద్దు, రెండు నెలలుగా వాడుతున్నారు కాబట్టి డాక్టరు చూసి డోసు మెల్లగా తగ్గించాలి.

ఐదు నెలలకే ఈ దుఃఖాన్ని జబ్బు అనలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కనీసం 6 నెలలు దాటాలి, అమెరికా సైకియాట్రిస్టుల లెక్కలో పెద్దవాళ్లకు 12 నెలలు, అదీ రోజువారీ పనులు ఆగిపోయేంత తీవ్రంగా ఉంటేనే. అప్పుడప్పుడైనా మనవళ్లతో నవ్వుతోందా, కొంచెం కొంచెం మళ్లీ పనుల్లో పడుతోందా అన్నది చూడండి. సంవత్సరీకం, పండగలు దగ్గరపడితే మళ్లీ ఎక్కువవుతుంది, అది మామూలే.

కానీ "నేనెందుకూ పనికిరాను", "నేనూ ఆయన దగ్గరికే పోతా" లాంటి మాటలు వస్తే, తిండి పూర్తిగా మానేస్తే నెలలు లెక్కపెడుతూ కూర్చోవద్దు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా" అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా, మాత్రలు, పురుగుల మందు అందకుండా తీసేసి, అదే రోజు అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తీసుకుపోండి. టెలీ మానస్ అని మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఫ్రీ. మీకూ పోయింది నాయనే కదా, ఆ నంబరుకు మీరు కూడా ఫోన్ చేయొచ్చు.