ఫల్గునుడా, ఫల్గుణుడా?

సందేహం: మాస్టారూ, ఉరుము ఉరిమినప్పుడల్లా మా మామ్మ "అర్జునా, ఫల్గుణా" అంటుంది. పిల్లవాడి పుస్తకంలో "ఫల్గునుడు" అని ఉంది. ఏది ఒప్పు? తప్పు పలికితే ఫలితం ఉండదంటారు, నిజమేనా? ఇలాంటి పేర్లని తాయెత్తు అనవచ్చా? ఈమధ్య పేపర్లో ఒక క్రికెటరుని "జట్టుకి తాయెత్తు" అని రాశారు.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

సమాధానం: పుస్తకంలో ఉన్నదే ఒప్పు. నకారం ణకారం కావాలంటే ముందు రేఫో, షకారమో, ఋకారమో ఉండాలి. ఈ మాటలో ఏదీ లేదు. పాత పండితులు దీనిమీద ఒక ఎత్తిపొడుపు కూడా కట్టిపెట్టారు: "ఫాల్గునే గగనే ఫేనే ణత్వమిచ్ఛంతి బర్బరాః". ఈ మాటల్లో ణకారం కోరేవాళ్ళు బర్బరులట! ఆ లెక్కన నెల పేరుని "ఫాల్గుణం" అని అచ్చువేసే మన పంచాంగాలవాళ్ళందరూ బర్బరులే. అది వెక్కిరింతే గాని సూత్రం కాదు, మీ మామ్మగారికి వినిపించకండి.

తిక్కన ఏమన్నాడని అడుగుతారు కాబోలు. విరాటపర్వంలో భీష్ముడి చేత "వచ్చినవాఁడు ఫల్గునుఁ డవశ్యము గెల్తు మనంగ రాదు" అనిపించాడు. ఉత్పలమాల. ప్రాస చకారం మీద ఉంది, యతి "వచ్చి–వశ్య"ల మధ్య కుదిరింది. మన తగాదా అక్షరం ఎనిమిదోది, ఈ రెంటిలో దేనికీ చిక్కదు. కాబట్టి ఛందస్సు సాక్ష్యం చెప్పదు. అయినా ఆ పాదంలో పేరు చేసే పని చూడండి. భీష్ముడు గాండీవాన్నీ గుర్రాలనీ ఏకరువు పెట్టలేదు. వచ్చినవాడి పేరు చెప్పాడంతే, కౌరవుల ధీమా సగం దిగిపోయింది.

అదే పర్వంలో అవే పేర్లు ఇంకొకరికి ధైర్యం పోస్తాయి. జమ్మిచెట్టు దగ్గర వణుకుతున్న ఉత్తరకుమారుడు, అర్జునుడికి పది పేర్లున్నాయని విన్నాను, అవి చెబితే నమ్ముతానన్నాడు. బృహన్నల పేర్లూ చెప్పాడు, ఏ పేరు ఎందుకొచ్చిందో కూడా చెప్పాడు. ఫల్గునీ నక్షత్రంలో పుట్టినందుకు ఫల్గునుడు, ఇంద్రుడు కిరీటం పెట్టినందుకు కిరీటి, రెండు చేతులా గాండీవం లాగగలిగినందుకు సవ్యసాచి, యుద్ధంలో జుగుప్స కలిగించే పని చెయ్యనందుకు బీభత్సుడు. కారణాలు విన్నాకే ఉత్తరుడి వణుకు తగ్గింది. దసరా నాడు "శమీ శమయతే పాపం" అని చీటీ రాసి జమ్మికి కట్టేవాళ్ళు, ఈ పది పేర్లూ వినిపించిన చోటు అదేనని ఒకసారి తలచుకుంటే బాగుండును.

ఇక అసలు సంగతి. పిడుగుకి అర్జునుడెందుకు? ఇంద్రుడి కొడుకు గనక, తండ్రి వజ్రాయుధం కొడుకు పేరు విని పక్కకి తప్పుకుంటుందని అందరూ చెప్పేదే. కాని కథ ఇంకా లోతుగా ఉంది. వేద వాఙ్మయంలోని శతపథ బ్రాహ్మణం "అర్జునో హ వై నామేంద్రో యదస్య గుహ్యం నామ" అంటుంది. అర్జునుడన్నది ఇంద్రుడి రహస్యనామమట! ఫల్గునీ నక్షత్రాలు ఇంద్రుడివనీ, వాటి అసలు పేరు "అర్జునులు" అనీ, చాటుగా చెప్పడానికి "ఫల్గునులు" అంటారనీ అక్కడే ఉంది. అంటే "అర్జునా, ఫల్గునా" అన్న జంట పాండవ మధ్యముడి కంటే ముందే పిడుగుల దొర పేరూ, ఆ పేరుకి ముసుగూ అయి కూర్చుంది. సంస్కృత భారతంలో మూడో పేరు "జిష్ణుః". అమరకోశం తెరవండి, "జిష్ణుర్లేఖర్షభః శక్రః" అని అదీ ఇంద్రుడి పేరే. మొదటి మూడు పేర్లూ ఉరిమేవాడి గుమ్మం ముందే నిలబడ్డాయి.

మన నోళ్ళలో నలిగే శ్లోకం మాత్రం "అర్జునః ఫల్గునః పార్థః కిరీటీ శ్వేతవాహనః". జిష్ణువుని తోసేసి ఆ చోట పార్థుణ్ణి కూర్చోబెట్టారు. గణాలు చెడలేదు, కుంతి పేరు కలిసొచ్చింది, పిడుగు సంగతి మాత్రం మరిచిపోయారు. న, ణల తగాదా కంటే నాకు ఇదే పెద్ద తప్పుగా కనిపిస్తుంది. పిడుగు మంత్రంలోంచి పిడుగువాడి పేరే తీసేస్తే ఎలా? అలాగని శతపథం నుంచి మీ మామ్మగారి దాకా తెగని దారం ఉందని పందెం కట్టలేను.

ఫలితం సంగతి. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లయితే పిడుగు సుమారు కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. శ్లోకం ఒకసారి చదవడానికి ఆరేడు సెకన్లు. ఉరిమాక కాక, మెరుపు కనబడగానే మొదలుపెట్టండి. నాలుగుసార్లు పూర్తయ్యే లోపు ఉరుము వినబడితే ఉద్దానం కొబ్బరితోటలోనైనా, పొలంగట్టు మీదనైనా ఉండకూడదు. పక్కా ఇంట్లోకి వెళ్ళి, ఆఖరి ఉరుము తరవాత అరగంట ఆగాలి. చెట్టు కింద మాత్రం వద్దు, అది జమ్మి అయినా సరే. ణకారం పలికినా ఈ లెక్క తప్పదు.

తాయెత్తు అరబ్బీ "తావీజ్" నుంచి వచ్చింది. శరణు కోరడమని మూలార్థం. మనకి వచ్చేసరికి అది రేకూ, గొట్టమూ, తాడూ అయింది. కట్టుకునేది తాయెత్తు, చదువుకునేది రక్ష, కవచం, దండకం. "తాయెత్తులకే పిల్లలు పుడితే తానెందుకు" అన్న సామెత ఉండగా మనిషిని తాయెత్తు అనడం పొగడ్తేమీ కాదు. "లక్కీ మస్కట్", "సెంటిమెంట్" అంటూ ఒకే ముద్ర అన్నిటికీ గుద్దే పేపర్లవాళ్ళది పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం. ఇల్లయినా బండయినా "అచ్చివచ్చింది" అంటాం. వైద్యుడికైతే "హస్తవాసి". బలానికి కొలతగా మనిషే కావాలంటే, "నువ్వేమైనా కోడి రామ్మూర్తివా" అని వీరఘట్టం మల్లుడి పేరు ఇంకా వాడుకలో ఉంది.

పేరునే రక్షగా కట్టుకోవడానికి దూరం పోనక్కర్లేదు. విజయనగరం కోటకి 1713లో విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు, జయవారమైన మంగళవారం పూట, విజయరామరాజు పేరుమీద శంకుస్థాపన చేశారని చెబుతారు. విజయుడన్నదీ ఆ పదిలో ఒకటే. నోటిమాటలో అది ఇజీనారం అయింది, ఎవరూ ఊరి బలం తగ్గిందనలేదు. అచ్చులో ఫల్గున అనే రాయండి, మామ్మగారి నోట ణకారం ఉండనివ్వండి. ఆవిడ మూడో పేరు "పార్థా" అంటారో "జిష్ణూ" అంటారో కనుక్కుని రాస్తే సంతోషిస్తాను.