టెక్ సందేహాలు: గంజాయి దుకాణంలో గుర్తింపు కార్డుల గుట్ట

సందేహం: అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, డెన్వర్ నగరంలో లైసెన్సు తీసుకుని పెద్దలకు గంజాయి అమ్మే దుకాణం నడుపుతున్నాను. కౌంటరులో స్కాన్ చేసే డ్రైవింగ్ లైసెన్సుల చిత్రాలన్నిటినీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దాచుకుంటోంది. నిల్వ నిండిందని, అదనపు క్లౌడ్ స్థలం కొనమని ఆ కంపెనీ వారు చెబుతున్నారు. కొనమంటారా?

సమాధానం: కొనకండి. ఇలాంటి ప్రశ్న వచ్చిన ప్రతిసారీ నేను ముందుగా అడిగేది ఒకటే: ఆ చిత్రాలను దాచమని మీకు ఎవరు చెప్పారు? కొలరాడో ఓటర్లు 2012లో ఆమోదించిన రాష్ట్ర రాజ్యాంగ 64వ సవరణ ప్రకారం, వయసు నిర్ధారణకు ప్రభుత్వ గుర్తింపు కార్డు చూపడం మినహా ఇతర వ్యక్తిగత సమాచారం ఇమ్మని కొనుగోలుదారును ప్రభుత్వం నిర్బంధించరాదు. మద్యం దుకాణంలో మామూలుగా తీసుకునే వివరాలకు మించి నమోదు చేయవలసిన బాధ్యత కూడా దుకాణదారుకు లేదు. మొక్కకు, ప్యాకెట్టుకు ట్యాగు కట్టి రాష్ట్రం అడిగే లెక్క సరుకుకు సంబంధించినది. అడగని సమాచారాన్ని దాచే అమరికను ముందే ఆన్‌లో పెట్టి, ఆ నిల్వకు మళ్లీ అద్దె వసూలు చేయడం బాధ్యత లేని రూపకల్పన.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఈ సమాచారం బయటపడితే జరిగే నష్టం. ఇలాంటి దుకాణాలు వాడే ఒక సాఫ్ట్‌వేర్‌కు చెందిన క్లౌడ్ నిల్వ తాళం లేకుండా తెరిచి ఉందని, 30,000 మందికి పైగా వ్యక్తుల వివరాలు అందులో కనిపిస్తున్నాయని 2020 జనవరిలో భద్రతా పరిశోధకులు వెల్లడించారు. గంజాయి రాష్ట్రంలో చట్టబద్ధమైనా సమాఖ్య చట్టం దాన్ని నిషేధిస్తూనే ఉంది; రాష్ట్రం అనుమతించినా సరే, గంజాయితో సంబంధం పౌరసత్వ దరఖాస్తుకు అడ్డంకి కావచ్చని అమెరికా పౌరసత్వ, వలస సేవల విభాగం 2019 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. గ్రీన్‌కార్డుతోనో, వీసాతోనో అక్కడ ఉంటున్న మన తెలుగువారి పేరు, పుట్టిన తేదీ, కొన్న సరుకు ఒకే వరుసలో ఉన్న ఫైలు బయటికి పొక్కితే, పాస్‌వర్డు మార్చినట్టు దాన్ని మార్చుకునే దారి ఉండదు.

అందుచేత చిత్రాల నిల్వను ఆపి, వయసు మాత్రమే సరిచూసే అమరికను ఎంచుకోండి. పాత చిత్రాలను బ్యాకప్‌లతో సహా తొలగించినట్టు కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. అందుకు వారు ఒప్పుకోకపోతే సాఫ్ట్‌వేర్‌నే మార్చండి. వైద్యుని సిఫారసుతో రోగులకు ఇచ్చే వైద్య కార్డుపై అమ్మకాలు కూడా ఉంటే వాటి నిబంధనలు వేరు కనుక, తొలగించే ముందు న్యాయవాదిని అడగండి.

మీరు అడగకపోయినా మరొక మాట చెప్పాలి. కార్డు చెల్లింపులు అందని ఈ వ్యాపారంలో, అమ్మకాన్ని ఏటీఎం నుంచి నగదు తీసినట్టు నమోదు చేసే యంత్రాలను కొందరు కౌంటరులో పెడుతున్నారు. బ్యాంకుకు తప్పుడు వివరం పంపే పరికరం ఎంత సౌకర్యంగా ఉన్నా నేను సమర్థించను. ‘వీసా’ కార్డు సంస్థ 2021లోనే దీనిపై హెచ్చరించింది. ఇక నగదు పేరుకునే చోట కెమెరా రికార్డరును ఫ్యాక్టరీ పాస్‌వర్డుతో ఇంటర్నెట్‌కు కలిపి ఉంచితే, మీ ఇనుప పెట్టె ఎక్కడుందో, దాన్ని ఎప్పుడు తెరుస్తారో దొంగలు దూరం నుంచే చూడగలరు. ఆ పాస్‌వర్డును ఈ రోజే మార్చి, రికార్డరును బిల్లింగ్ యంత్రాలకు సంబంధం లేని వేరే నెట్‌వర్క్‌లో పెట్టండి.