పదును ఎక్కడ ఆపాలి

హైదరాబాద్

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం, ఫొటోలు, వాటితో పెట్టిన ఉత్తరం అందాయి. కొండాపూర్ బొటానికల్ గార్డెన్ దగ్గర ఖాళీ స్థలంలో తుమ్మి మొక్కలు కనిపించాయనీ, వినాయక చవితికి మీ నానమ్మ ఆ ఆకుతో కూర వండేదనీ ఉత్తరంలో రాశావు. వ్యాసంలోకి వచ్చేసరికి అదే మొక్క 'ఒక చిన్న తెల్లని అడవి పువ్వు' అయిపోయింది. రెండూ వెంటవెంటనే చదివాను, కోపం వచ్చింది. తెలిసిన మొక్క పేరును ఎందుకు దాచావు? లెన్సుల విషయంలో మాత్రం కంపెనీ, మోడలు, బరువు ఏదీ వదలలేదు.

ఫొటోల్లో వెలుతురు బాగుంది. అది చెప్పి అసలు సంగతికి వస్తాను.

ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ 80 ఫ్రేములు తీసి, పదునైన భాగాలన్నీ ఒకే ఫొటోగా కలిపానన్నావు. పువ్వు పైపెదవి మీది నూగు వెంట్రుక వెంట్రుకగా కనిపిస్తోంది. ఆ పువ్వు కూర్చున్న ఆకుపచ్చ గొట్టం, అంటే రక్షక పత్రావళి, పూర్తిగా మసకలో కలిసిపోయింది. మన ప్రాంతంలో తుమ్మితోపాటు పెద్ద తుమ్మి కూడా పెరుగుతుంది. తెల్లని పెదవులు చూసి వాటిని వేరు చేయడం కష్టం. తుమ్మికి రక్షక పత్రావళి మూతి ఏటవాలుగా ఉంటుంది, అంచున ఉన్న పళ్లలో పైది అన్నిటికన్నా పెద్దది, పూగుత్తి కింది పుచ్ఛాలు, అంటే చిట్టి ఆకులు, సన్నగా ఉంటాయి. పెద్ద తుమ్మికి పుచ్ఛాలు వెడల్పుగా, ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉంటాయి. నీ 80 ఫ్రేములు వాటిలో దేని దగ్గరికీ చేరలేదు. ఫొటో ఎంత అందంగా ఉన్నా అది ఏ తుమ్మో చెప్పలేకపోతున్నాను.

ఇలా ఫ్రేములు కలిపే ఫోకస్ స్టాకింగ్‌లో పెద్ద నిర్ణయం పదును ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలన్నదే. మొక్క నిర్మాణం, ఆ భాగం చేసే పని తెలిస్తేనే ఆ నిర్ణయం సరిగ్గా పడుతుంది. జిల్లేడునే తీసుకో. పువ్వు మధ్యలో ఐదు మూలల దిమ్మె ఉంటుంది, ప్రతి మూలలో ముదురు గోధుమ రంగులో కనీకనిపించని కొక్కెం ఉంటుంది. పక్కనున్న సందులో పురుగు కాలు ఇరుక్కుంటే ఆ కొక్కెం కాలిని పట్టుకుంటుంది, దానికి వేలాడే రెండు పుప్పొడి తిత్తులూ పురుగుతోపాటు వెళ్లిపోతాయి. ఈ సంగతి తెలిసినవాళ్లు ఫోకస్‌ను ఆ మూలల మీదుగా, సందు లోపలికి దించుతారు. తెలియనివాళ్లు రేకుల కొసలు మెరిపించి సరిపెట్టుకుంటారు.

ఈ పట్టుదల నాకు లేమి వల్ల వచ్చింది. 1980ల చివర నా దగ్గర ఉన్నది ఒక 50 మి.మీ. లెన్సు, లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ గొట్టాల జత, మొత్తం 50 మి.మీ. పొడవుది, కోఠిలో పాతది కొన్నాను. రెండూ కలిస్తే 1:1 వస్తుంది, అంటే ఫిల్ము మీద పువ్వు అసలు పరిమాణంలోనే పడుతుంది, వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. స్లైడు ఫిల్ములో 36 ఫ్రేములు. ఫ్రేములు కలిపే మార్గం లేదు. అపర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, బాగా మూస్తే బొమ్మంతా మెత్తబడేది, తెరిస్తే ఒక్క మిల్లీమీటరు మందం మాత్రమే పదునుగా వచ్చేది. ఆ మిల్లీమీటరును ఎక్కడ పెట్టాలా అని ఉస్మానియా క్యాంపస్ బండల మధ్య మొక్క ముందు గంటలు కూర్చునేవాణ్ణి. పువ్వును విప్పి, చీల్చి చూసి, చదివి వచ్చి మళ్లీ కూర్చునేవాణ్ణి.

అలా తీసిన జిల్లేడు ఫొటోను వ్యాసంతోపాటు ఒక వారపత్రికకు ఇచ్చాను. సంపాదకుడు పేజీ అలంకారం కోసం దాన్ని గుండ్రంగా కత్తిరించాడు. వ్యాసమంతా ఏ కొక్కెం గురించి రాశానో అదే కత్తెరలో పోయింది. కింద 'ప్రకృతి వింత' అని వ్యాఖ్య పెట్టాడు, మొక్క పేరు లేదు. అడిగితే పాఠకులకు పేర్లు అక్కర్లేదన్నాడు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. అక్కర్లేదని ఆయన నిర్ణయించాడు, పాఠకులను ఎవరూ అడగలేదు. అలాంటివాళ్ల అభిరుచికి తగ్గట్టు నువ్వు ముందుగానే పేరు తీసేసి పంపడం నన్ను బాధపెట్టింది.

నల్లని నేపథ్యం పెట్టడం, గ్లిజరిన్ కలిపిన నీళ్లు చల్లి మంచు బిందువులని చూపించడం ఇప్పటి ఫ్యాషన్. నీ నాలుగో ఫొటోలో రెండూ ఉన్నాయి. ఆ నలుపులో మొక్క ఎక్కడ పెరిగిందో, పక్కన ఏముందో అంతా పోయింది. ఆ ఫొటో తీసెయ్యి.

అపర్చర్‌ను ఎఫ్ 16 దాకా మూసి అన్ని ఫ్రేములు ఎందుకు తీశావు? 1:1 దగ్గర ఎఫ్ 16 ఇంచుమించు ఎఫ్ 32 లాగే పనిచేస్తుంది, కాంతి వివర్తనం వల్ల, అంటే ఇరుకు రంధ్రంలో వెలుతురు చెదరడం వల్ల, అంచులన్నీ మెత్తబడతాయి. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికే కదా స్టాకింగ్! ఇంకా తెరిచి ఎఫ్ 8 పెట్టు, లేదా ఎఫ్ 5.6. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మీద ఎఫ్ 8కి పదునైన లోతు సుమారు 1 మిల్లీమీటరు. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య అర మిల్లీమీటరు జరిపితే ఒకదాని పదును మరోదాని మీదికి ఎక్కుతుంది. ఒకటిన్నర సెంటీమీటర్ల లోతుకు 30 ఫ్రేములు చాలు. గాలి ఆగిన కాస్త వ్యవధిలో అవి పూర్తవుతాయి. 80 తీసేలోపు పువ్వే కదులుతుంది, నీ రెండో ఫొటోలో కింది పెదవికి రెండు అంచులు కనిపించడానికి కారణం అదే అనుకుంటాను.

లెన్సు సంగతి. 60 మి.మీ. మాక్రోతో 1:1 దగ్గర పువ్వుకూ లెన్సుకూ మధ్య బెత్తెడు దూరం కూడా మిగలదు. నీ నీడే పువ్వు మీద పడుతుంది, లెన్సు కొస కాండానికి తగులుతుంది. తుమ్మిపువ్వు చిన్న తాకిడికే ఊడి పడిపోతుంది. 90 నుంచి 105 మి.మీ. వరకు ఏదైనా సరే, రెండు బెత్తెల దాకా దూరం వస్తుంది, ఏ కంపెనీ అన్నది నేను పట్టించుకోను. కెమెరాను ముందుకూ వెనక్కూ జరిపే ఫోకస్ రెయిలు కొనాలా అన్నావు. 1:1 దాటనంతవరకు ఫోకస్ రింగు చాలు, ఫోకస్‌ను తానే జరుపుతూ వరుసగా ఫ్రేములు తీసే ఫోకస్ బ్రాకెటింగ్ కెమెరాలోనే ఉంటే మరీ మంచిది. అసలు పరిమాణం దాటి పెద్దది చేసినప్పుడే రెయిలు అవసరమవుతుంది.

ఫ్రేములు కలిపే సాఫ్ట్‌వేర్ జెరీన్ స్టాకర్‌లో ఉన్న రెండు పద్ధతుల్లో డీమాప్ ఒక్కటే వాడినట్టున్నావు. నూగు వెంట్రుకలు ఒకదాన్నొకటి దాటే చోట మసక వలయాలు వచ్చాయి. అలాంటి చోట్లకు రెండో పద్ధతి పీమాక్స్ వాడాలి. అది నాయిస్‌నూ కాంట్రాస్టునూ పెంచుతుంది కాబట్టి రేకుల నున్నని భాగాలకు డీమాపే ఉంచి, వెంట్రుకలను మాత్రం పీమాక్స్ ఫలితం నుంచి బ్రష్‌తో తెచ్చుకో.

వ్యాసాన్ని మొదటి నుంచి తిరగరాయి. తుమ్మి అన్న పేరు మొదటి వాక్యంలో ఉండాలి. నానమ్మ కూర ఉండాలి. పైపెదవి కింద దాగిన నాలుగు కేసరాలు తేనెటీగ వీపుకు పుప్పొడి ఎలా పూస్తాయో ఉండాలి. లెన్సుల మూడు పేజీలు అర పేజీకి కుదించు. ప్రతి ఫొటో కింద మొక్క పేరు, తీసిన చోటు, ఎన్ని రెట్లు పెద్దది చేశావో రాయి. పోటీల గురించీ పారితోషికం గురించీ అడిగిన ప్రశ్నలు నాకు ముఖ్యంగా తోచలేదు.

మళ్లీ వెళ్లేటప్పుడు తెల్లవారగానే వెళ్లు, పొద్దెక్కితే గాలి లేస్తుంది. ఈసారి పువ్వును పక్క నుంచి తీయి, నాలుగు పలకల కాండాన్ని కొంచెం రానివ్వు. ఫోకస్‌ను కింది పెదవి అంచున మొదలుపెట్టి రక్షక పత్రావళి మూతి దాటాక ఆపు. ఫ్రేములు కలపకుండా విడిగానే నాకు పంపు, ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో చూసి రాస్తాను.

ఆశీస్సులతో