పోకర్ యాప్‌లు ఆగిపోయాయి, మావాడు ఇంటికొచ్చాడు

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మావాడు 2022లో బీటెక్ సీఎస్‌ఈ పూర్తి చేసి బెంగళూరులో ఉద్యోగంలో చేరాడు. ఏడాదికే అది మానేసి, రెండేళ్లుగా ఆన్‌లైన్‌లో పోకర్ ఆడుతూ బతికాడని మాకు మొన్ననే తెలిసింది. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చాక యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయట. గది ఖాళీ చేసి వచ్చేశాడు. వీపీఎన్ (ఉన్న చోటు తెలియకుండా దాచే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని విదేశీ సైట్లలో ఆడతానంటాడు, కాదంటే గోవా వెళ్తానంటాడు. గట్టిగా మాట్లాడితే, ‘నువ్వు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) పెట్టి రేటు కోసం కూర్చోవడం జూదం కాదా?’ అని నన్నే నిలదీస్తున్నాడు. ఒకవైపు పోలీసు కేసు భయం, ఇంకోవైపు చదువు తర్వాత ఇంత గ్యాప్ వచ్చిందన్న టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీ రెండు భయాల్లో మొదటిదే పెద్దది. గ్యాప్ సంగతి తర్వాత చూసుకుందాం.

2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపేవాళ్లకు 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు 2 ఏళ్లు, 50 లక్షలు. ఆడేవాళ్లకు మాత్రం ఆ చట్టంలో శిక్ష లేదు. మీవాడు బహుశా ఈ మాట పట్టుకునే ధీమాగా ఉన్నాడు. బెంగళూరులో ఉన్నన్నాళ్లూ అతనికి ఇబ్బంది లేకపోవడానికీ కారణం ఉంది. కర్ణాటక తెచ్చిన నిషేధాన్ని అక్కడి హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టేసింది. కానీ ఇప్పుడు అతను కూర్చున్నది గుంటూరులో. మన రాష్ట్రం 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. ఆడినవాళ్లకు 6 నెలల వరకు జైలని అప్పుడే ప్రకటించారు. సంక్రాంతికి మూడు రోజులు పందాలు, పేకాట ఎలా సాగుతాయో మనకు తెలియనిది కాదు. అది చూసి పోలీసులు ఫోన్లో ఆడేవాణ్ని ఏం పట్టించుకుంటారులే అనుకోవడం పొరపాటు.

‘పోకర్ నైపుణ్యం ఉన్న ఆట కదా’ అని వాదిస్తాడు. ఆ వాదన నిజంగా పాతదే. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది మన సికింద్రాబాద్ క్లబ్బు కేసులోనే, 1960ల చివర్లో. అర్ధ శతాబ్దం పైగా క్లబ్బులూ యాప్‌లూ ఆ తీర్పు చూపించే బతికాయి. కొత్త చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే తీసేసింది. కంపెనీలు వేసిన కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. కోర్టులో ఏం తేలినా, 25 ఏళ్ల కుర్రాడు దాని కోసం కాచుకుని కూర్చోకూడదు. అమెరికాలోనూ ఇదే జరిగింది. 2011 ఏప్రిల్ 15న ప్రభుత్వం పెద్ద పోకర్ సైట్ల మీద ఒక్కసారిగా విరుచుకుపడింది. ఆటే వృత్తిగా ఉన్నవాళ్లలో కొందరు కెనడాకో మెక్సికోకో మకాం మార్చారు. ఒక సైటులో డబ్బు ఇరుక్కున్న అమెరికన్లకు అది తిరిగి రావడం 2014లో గానీ మొదలవలేదు.

ఇక వీపీఎన్, విదేశీ సైటు. పట్టుబడటం కన్నా ముందు వచ్చే చిక్కు బ్యాంకు ఖాతా. ఆ సైట్ల నుంచి డబ్బు నేరుగా రాదు. క్రిప్టోగా మార్చి ఎవరికో అమ్మితే, కొన్నవాడు యూపీఐలో పంపుతాడు. ఆ పంపిన డబ్బు ఏ సైబర్ మోసంలోనో ఎవరో పోగొట్టుకున్నది అయితే? బాధితుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు, డబ్బు వెళ్లిన ఖాతాలన్నీ వరసగా ఆపేస్తారు. ఎక్కడో వేరే రాష్ట్రంలోని పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగి, ‘నేను మోసగాణ్ని కాదు, పోకర్ ఆడి సంపాదించాను’ అని చెప్పుకోవాలి. నిషేధం ఉన్న రాష్ట్రంలో ఉండి ఆ సంజాయిషీ ఎలా ఇస్తాడు? మీ వ్యాపారం ఖాతాతో గనక లావాదేవీలు ఉంటే అదీ చిక్కుల్లో పడుతుంది. ఈ ఒక్కటీ ఇవాళే చూసుకోండి.

కేసు నమోదైతే నష్టం జరిమానాతో పోదు. గ్రూప్-2 అయినా, బ్యాంకు అయినా, ఎస్సై అయినా, అటెస్టేషన్ ఫారంలో అరెస్టులు, కేసుల వివరాలు అడుగుతారు. ఉన్నది రాస్తే ఒక సమస్య, దాస్తే ఇంకా పెద్ద సమస్య.

గోవా క్యాసినోలు లైసెన్సుతో నడుస్తున్నవే, అక్కడ చట్టం గొడవ లేదు. గొడవ లెక్కల్లో ఉంది. ఎదురెదురుగా కూర్చుని ఆడితే గంటకు పాతిక, ముప్పై చేతులకు (ముక్కలు పంచి ఆడే ఆటలకు) మించి పడవు. ఆన్‌లైన్‌లో నాలుగు టేబుళ్లు తెరిచి కూర్చునేవాడికి అవి రెండు వందలు దాటతాయి. అతనికి నిజంగా పైచేయి ఉన్నా, అది డబ్బుగా కనబడటానికి గోవాలో ఏళ్లు పడుతుంది. ఈలోపు గది అద్దె, తిండి, రేక్ (ప్రతి ఆటలో నిర్వాహకుడు తీసుకునే వాటా).

ఈ రేక్ దగ్గరే మీ టిక్కీల ప్రశ్నకూ జవాబు ఉంది. అతను అడిగింది తెలివైన ప్రశ్నే, కసురుకోకండి. రేటు పడిపోయినా మీ దగ్గర సరుకు ఉంటుంది, తినేవాడు ఉంటాడు. పోకర్ టేబుల్ దగ్గర కొత్త డబ్బు పుట్టదు. ఒకడిది ఇంకొకడికి పోతుంది, మధ్యలో ప్రతి ఆటకూ నిర్వాహకుడు తన వాటా లాగేస్తాడు. అందరూ సమానంగా ఆడితే అందరూ ఓడిపోతారు. అలాగని కోల్డ్ స్టోరేజీలో రిస్కు లేదని మీరూ అనకండి, నమ్మడు.

ఇక్కడి నుంచి అతనికే చదివి వినిపించండి.

బాబూ, ముందు నీ బ్యాంకు స్టేట్‌మెంట్లు దింపు. రెండేళ్లలో యాప్‌లలోకి ఎంత వేశావు, ఎంత వెనక్కి తీశావు, అప్పులెన్ని. గుర్తున్న గెలుపులు వద్దు, కాగితం మీది అంకె చూడు. మైనస్ వస్తే నువ్వు చేసింది కెరీర్ కాదు, ఖర్చు. లోన్ యాప్‌ల అప్పులు బయటపడినా, నిద్ర పట్టకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్లస్ వస్తే నీ పేరు మీద కోసిన పన్ను వివరాలుండే ఫారం 26ఏఎస్ తీసి ఆడిటరు గారి దగ్గరికి వెళ్లు. 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద 30 శాతం పన్ను ఉంది. రిటర్నులు వేయకపోతే ఇప్పుడైనా సరిచేసుకోవాలి.

పోకర్ పోయిందని స్టాక్ మార్కెట్లో ఆప్షన్స్ ట్రేడింగ్‌లోకి దూకకు. నీలాంటి వాళ్లు నా దగ్గరికి వస్తే నేను మొదట అడిగేది ఇదే, సగం మంది తల దించుకుంటారు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్)లో ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది.

గ్యాప్‌ని దొంగ ఎక్స్‌పీరియెన్స్ లెటరుతో నింపకు. ఉద్యోగాల చరిత్ర కనబడే నీ పీఎఫ్ నంబరు (యూఏఎన్) చూస్తే రెండు నిమిషాల్లో దొరికిపోతావు. ఇంటర్వ్యూలో ఉన్నదే చెప్పు: ‘2023 నుంచి 2025 ఆగస్టు దాకా బెంగళూరులో పోకర్ ఆడాను, ఆడిన ప్రతి చేతినీ రికార్డు చేసి విశ్లేషించాను, చట్టం రాగానే మానేశాను.’ చివరి మాట నిజమైతేనే చెప్పగలవు. కొందరు ముఖం చిట్లిస్తారు, చిట్లించనీ. రిస్కు, ఫ్రాడ్ అనాలిసిస్ చూసే టీముల్లో మాత్రం సంభావ్యత వంటబట్టినవాడి విలువ తెలుసు.

నువ్వు వెళ్లదగ్గ దారి డేటా అనాలిసిస్. ఎస్‌క్యూఎల్, ఎక్సెల్, పైథాన్ ఆరు నెలలు గట్టిగా పట్టు. లెక్కలంటే నిజంగా ప్రాణమైతే యాక్చువరీ (బీమా కంపెనీలకు రిస్కు లెక్కగట్టే వృత్తి) ఉంది, ముందు ఏసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. తర్వాతి పేపర్లకు ఏళ్లు పడుతుంది, ఓపిక ఉంటేనే. ఉద్యోగానికి మళ్లీ బెంగళూరే పోనక్కర్లేదు, గన్నవరం దగ్గర కేసరపల్లిలోని ఐటీ కంపెనీల వైపు కూడా చూడు.

అన్నిటికన్నా ముందు చూపించడానికి ఒక పని చేతిలో ఉండాలి. అది మీ ఇంట్లోనే ఉంది. గుంటూరు యార్డుకు రోజూ ఎంత మిర్చి వచ్చింది, ఏ రేటు పలికింది అన్నది ప్రభుత్వ వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో దొరుకుతుంది. దానికి మీ నాన్నగారి లెక్కలు కలుపు: తేజ రకం మిర్చి ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీశారు, స్టోరేజీ అద్దె, వడ్డీ, తరుగు పోను ఏం మిగిలింది. ఏ నెల దాకా ఆగితే లాభమో, ఎక్కడ దాటితే నష్టమో తేల్చు. నువ్వు ఆయన్ని అడిగిన ప్రశ్నకు నువ్వే జవాబు రాసినట్టవుతుంది, రెజ్యూమేలో పెట్టుకోవడానికి ప్రాజెక్టూ అవుతుంది.

అయ్యా, మళ్లీ మీకే చెబుతున్నాను: పాత పట్టీలు (అమ్మకాల లెక్క చీటీలు) ఎన్నేళ్లవి దాచారో ఈ ఆదివారం తీసి చూడండి. కనీసం ఐదారేళ్లవి ఉంటేనే లెక్క నిలబడుతుంది.