మాటలు తగ్గించి, పక్కన కూర్చోండి

వందనాలండి. బైకు ప్రమాదంలో వెన్నుపూస విరిగి మంచాన పడ్డ మీ స్నేహితుడు, ప్రార్థన చేద్దామంటే ‘దేవుడికి నేనే దొరికానా’ అని ముఖం తిప్పుకుంటున్నాడని రాశారు. ఆ ప్రశ్నకు మీరు జవాబు చెప్పబోకండి. బైబిల్లో కష్టాలపాలైన భక్తుడు యోబు స్నేహితులు ముగ్గురూ ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. వాళ్లు నోరు విప్పి కారణాలు వెతకడం మొదలుపెట్టాకే గొడవంతా! 13వ కీర్తనలో దావీదు రాజు కూడా దేవుణ్ణి ఇలాగే నిలదీశాడు కదా. మీ స్నేహితుడు కోరితే అది చదివి వినిపించండి, వివరించకండి.

మీ భక్తిని పనిలో చూపించండి. వెన్ను కదలకుండా పక్కకు తిప్పే పద్ధతి నర్సును అడిగి నేర్చుకోండి. సాధారణంగా రెండు గంటలకోసారి తిప్పాలి, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఆ పని మీరు చూసుకుంటే వాళ్లమ్మగారికి ఒక రాత్రి నిద్ర దొరుకుతుంది.

ఉపవాస ప్రార్థన మీరు చేయండి, అతనిచేత మాత్రం వద్దు. ఎముక అతకాలంటే గుడ్డు, పప్పు, పాలు పడాలి. అభిషేక తైలం నుదుటికి చాలు, వీపు మర్దన చేయనివ్వకండి. ‘విశ్వాసముంటే మందులెందుకు’ అనే పెద్దమనుషులు వస్తే గుమ్మం దగ్గరే టీ ఇచ్చి పంపేయండి.