కంతులు మిగిలున్న కారును నోటరీ కాగితం మీద అమ్మేయొచ్చా?

ప్రశ్న (ఖమ్మం నుంచి): రెండేళ్ల కిందట 6.5 లక్షల లోన్‌తో కారు కొన్నాను. నెలకు 13,811 కంతు. ఉద్యోగం పోయి మూడు నెలలైంది, రెండు కంతులు ఆగాయి. తెలిసినాయన ఒకరు 1.2 లక్షలు చేతికిచ్చి కారు తీసుకుంటానంటున్నారు. మిగతా కంతులు తనే కడతారట, నోటరీ రాసుకుందామంటున్నారు. లేదంటే నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కంతులు కట్టాలి. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దండి.

ఆర్‌సీలో హైపోథికేషన్ (హెచ్‌పీ, అంటే బండి లోన్‌కు తాకట్టులో ఉందన్న నమోదు) ఉన్న బండిని ఫైనాన్స్ సంస్థ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఇంకొకరి పేరుకు మార్చడం కుదరదు, మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్‌లో ఇది స్పష్టంగా ఉంది. నోటరీ దగ్గర ఎన్ని సంతకాలు పెట్టుకున్నా ఆర్‌టీఓ రికార్డులో ఓనరు మీరే, లోన్ కూడా మీదే. ఆయన నాలుగు నెలలు కట్టి ఫోన్ ఎత్తడం మానేస్తే సిబిల్ స్కోరు పడిపోయేది మీకు, రికవరీ వాళ్లు వచ్చేది మీ ఇంటికి, అప్పగిద్దామంటే కారు మీ దగ్గర ఉండదు. ఆ కారు ఎవరినైనా గుద్దితే? పేరు మారనంత వరకు నష్టపరిహారం బాధ్యత రిజిస్టర్డ్ ఓనరుదేనని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. మీ కాగితాల మీద హైర్ పర్చేజ్ అని ఉంటే ఇంకా ప్రమాదం, చివరి కంతు కట్టేదాకా బండి ఫైనాన్స్ వాళ్లదే కాబట్టి నమ్మకద్రోహం కింద కేసు పెట్టొచ్చు, భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్‌లో దానికి ఐదేళ్ల దాకా జైలు ఉంది. లోన్ సంగతి దాచి అమ్మితే కొన్నవాళ్లు చీటింగ్ కేసు కూడా పెడతారు.

ఇక నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. జీతమే లేని మనిషి కారు కంతు కోసం ఆ వడ్డీకి అప్పు తేవడం ఏంటండీ? దయచేసి ఆ గడప తొక్కకండి.

మీ ఉత్తరాన్ని ఇక్కడ తీసుకోవడానికి అసలు కారణం వేరే ఉంది. ఇంటి ఖర్చు 28,000, కంతుతో కలిపి నెలకు దాదాపు 42,000 అని రాశారు, పక్కన పెట్టిన డబ్బు మాత్రం ఒక్క నెలకు కూడా లేదు. కారు కొన్నప్పుడు డౌన్‌పేమెంట్ కోసం ఉన్నదంతా ఊడ్చిపెట్టారు కదా, తప్పు అక్కడ జరిగింది. ఆరు నెలల ఖర్చు, అంటే రెండున్నర లక్షలు, చేతిలో ఉంచుకుని అప్పుడు కారు జోలికి వెళ్లి ఉంటే ఉద్యోగం పోయినా ఈ టెన్షన్ ఉండేది కాదు. నా దగ్గరికొచ్చే జీతగాళ్లలో చాలామందిది ఇదే కథ. కంతుకు జీతం సరిపోతుందా అనే చూస్తారు, ఆ జీతం ఆగితే ఎన్నాళ్లు నెట్టుకొస్తామని లెక్కేసుకోరు.

కారు అమ్మండి, కానీ సరైన దారిలో. ఫైనాన్స్ వాళ్లకు రాసి ఫోర్‌క్లోజర్ లెటర్ (లోన్ మొత్తం ఒకేసారి తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పే కాగితం) తీసుకోండి. ఆగిన కంతులతో కలిపి 4.65 లక్షలు కట్టాలన్నారు, కారుకు 5.7 లక్షలు పలుకుతోందన్నారు. కొనేవాళ్లు ఆ 4.65 లక్షలు నేరుగా లోన్ ఖాతాకే కట్టాలి, మిగిలిన లక్షా చిల్లర మీకివ్వాలి. లోన్ తీరిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35తో ఆర్‌సీలో హెచ్‌పీ తీయించి, ఫారం 29, 30తో పేరు మార్పించండి. ఆయన ఇస్తానన్న 1.2 లక్షల కన్నా కొంచెం తక్కువే వస్తుంది, కానీ లోన్ పూర్తిగా తీరిపోతుంది. లోన్ రీస్ట్రక్చర్ చేయమని, అంటే కంతులు, గడువు మార్చమని అడగొచ్చు గానీ జీతం లేకుండా అది ఎక్కువ కాలం నిలవదు.

వచ్చిన లక్షను మాత్రం ఇంటి ఖర్చుకు తప్ప ముట్టుకోకండి. కంతు పోయాక మీ ఖర్చు 28,000 కాబట్టి మూడున్నర నెలలకు సరిపోతుంది. కొత్త ఉద్యోగంలో మొదటి జీతం రాగానే దాన్ని 1.68 లక్షలకు, అంటే ఆరు నెలల ఖర్చుకు పెంచే పని మొదలుపెట్టండి. అది పూర్తయ్యేదాకా బస్సు, బైకు చాలు.