ట్యాబ్ మీట జోలికి వెళ్లేముందు

చిరంజీవి చంటికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "వీడు రాత్రి రెండింటిదాకా ఆ విమ్ ఎడిటర్ ముందే కూర్చుంటున్నాడక్కా. ట్యాబ్ నొక్కితే సగం కొట్టిన మాటని పూర్తిచేసే కంప్లీషన్ రావట్లేదట, తనే బాగుచేసి, విమ్‌కి తగిలించే ఆ ప్లగిన్ రాసినవాళ్లకి పంపుతాడట" అంది. ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది.

ముందు విమ్‌ని '--క్లీన్' పెట్టి, అంటే నీ సెట్టింగులూ ప్లగిన్లూ లేకుండా, తెరువు. అక్కడ ట్యాబ్ బాగానే ఉంటే తప్పు నీ సెట్టింగులదో ప్లగిన్‌దో. తర్వాత నీ మామూలు విమ్‌లో ':వెర్బోస్ ఐమ్యాప్ <ట్యాబ్>' కొట్టు. ఆ మీటని చివరగా పట్టుకున్నది ఏ ఫైలో అదే చెబుతుంది. స్నిపెట్ల (రెడీమేడ్ కోడ్ ముక్కల) ప్లగిన్, కంప్లీషన్ ప్లగిన్ రెండూ ఉంటే చాలాసార్లు రెండూ ట్యాబ్ కోసమే ఎగబడతాయి.

ఇంతవరకు నీకు తెలిసే ఉంటుంది. నా భయమల్లా ఆ తర్వాత నువ్వు రాసే ఒక్క లైన్ గురించే.

టీమంతా ఒకే విమ్‌ఆర్‌సీ (విమ్ సెట్టింగుల ఫైల్) వాడుకునే రోజుల్లో మా దగ్గర ఒక కుర్రాడుండేవాడు, నీలాగే చురుకైనవాడు. ట్యాబ్ కంప్లీషన్ పనిచేయట్లేదని, ఎవరినీ అడక్కుండా కొత్త మ్యాపింగ్, అంటే మీట నొక్కితే ఏం జరగాలో చెప్పే లైన్, రాశాడు. టైప్ చేసేటప్పుడుండే ఇన్‌సర్ట్ మోడ్‌కి రాస్తే సరిపోయేది. ఎందుకైనా మంచిదని 'మ్యాప్' ఒకటి, 'మ్యాప్!' ఒకటి తగిలించాడు. అవి మిగతా మోడ్‌లకీ కమాండ్ లైన్‌కీ కూడా అంటుకుంటాయి. కంప్లీషన్ వచ్చేసింది, అందరం మెచ్చుకున్నాం. మర్నాటి నుంచి మొదలైంది గొడవ. కమాండ్ లైన్లో ':ఇ' కొట్టి ట్యాబ్ నొక్కితే ఫైల్ పేర్లు రావు. కంట్రోల్-ఓతో ఫైల్లో ఇంతకుముందున్న చోటికి వెనక్కి వెళ్లినవాళ్లు కంట్రోల్-ఐతో ముందుకు రాలేరు. టెర్మినల్‌లో ట్యాబ్‌కీ కంట్రోల్-ఐకీ వెళ్లేది ఒకటే కోడ్, 9. ఒకటి మారిస్తే రెండోదీ మారిపోతుంది. అది ఎవరికీ తట్టలేదు. ఒకావిడైతే కీబోర్డ్ పాడైందనుకుని వేరేది తెప్పించుకుంది. పెద్ద లాగ్ ఫైల్లో వెతుకుతూ, చూస్తున్న చోటు తప్పిపోయి, ఆ మీటనే మళ్లీ మళ్లీ నొక్కుతుంటే నేను పక్కనే నిలబడి చూశాను. తప్పు తనది కాకపోయినా తననే అనుమానించుకుంది పాపం. ఆ ముఖం నాకింకా గుర్తే.

నీ ఒక్కడి కంప్యూటర్‌కే అయితే ఇన్ని చెప్పేదాన్ని కాదు. ప్లగిన్‌కి పంపుతానంటున్నావు. ముక్కూమొహం తెలియనివాళ్ల వేళ్లకి అలవాటైన మీట అది. అందుకని ఒక్క ఇన్‌సర్ట్ మోడ్‌కే వర్తించే 'ఐనోర్‌మ్యాప్' మాత్రమే రాయి. కర్సర్‌కి ముందు ఖాళీ తప్ప ఏమీ లేకపోతే మామూలు ట్యాబ్ పడాలి, అక్షరాలుంటే కంప్లీషన్ రావాలి. విమ్ హెల్ప్‌లోనే 'క్లెవర్‌ట్యాబ్' అని ఇదే పని చేసే బుల్లి ఫంక్షన్ ఉంది, చదువు. వాడేవాళ్లు ముందే ట్యాబ్‌ని ఇంకోదానికి పెట్టుకుని ఉంటే దాన్ని తొక్కెయ్యకు. మీటకి ముందే మ్యాపింగ్ ఉందో లేదో చెప్పే 'మ్యాప్‌చెక్'తో చూసి, ఉంటే వదిలెయ్యి. మేక్‌ఫైల్ (ప్రోగ్రామ్‌ని ఎలా బిల్డ్ చేయాలో రాసే ఫైల్) ఒకటి తెరిచి కూడా చూడు. అక్కడ ట్యాబ్ బదులు స్పేసులు పడితే బిల్డే ఆగిపోతుంది.

అన్నం మానేసి రాత్రి రెండింటికి ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపడమేంట్రా? కళ్లు మూతలు పడుతుంటే 'మ్యాప్'కీ 'ఐనోర్‌మ్యాప్'కీ తేడా ఏం కనబడుతుంది? పొద్దున్నే లేచి ఇంకోసారి చదివి పంపు. తిట్టాననుకోకు నాన్నా. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి దిగింది నువ్వే, నీ పేరుతో వెళ్లే మొదటి ప్యాచ్‌ని ఎవరూ వేలెత్తి చూపకూడదు. పంపేముందు నాకు మెయిల్ చెయ్యి. ఆదివారం కూర్చుని టెర్మినల్‌లోనూ, సొంత విండోలో తెరుచుకునే జీవిమ్‌లోనూ నడిపి చూస్తాను.

మీ పెద్దమ్మ